కీలెరిగి వాత

కీలెరిగి వాత పెట్టవలెనని మన పెద్దలు అన్నారు. ఏ పనికైనా దాని మర్మం తెలిసి పూనుకోవలెనన్న అర్థంలో ఈ సామెతను వాడుతున్నాము. కాని మాటలను మాటలుగానే తీసుకుంటే ఇందులో వైద్యానికి సంబంధించిన హితవు ఒకటి ఉన్నది. వాత పెట్టే ఆచారం చెడ్డది. ముందు కీలును తెలుసుకొమ్మన్న సలహా మాత్రం మంచిది. ఆ కీలును గురించే ఈ ప్రసంగం.

రెండుగాని, అంతకు మించిగాని ఎముకలు కలుసుకొనే చోటును శాస్త్రంలో సంధి అంటారు. వాడుకలో మనం కీలు అంటాము. పెరిగిన మనిషి శరీరంలో సాధారణంగా 206 ఎముకలుంటవి. వీటిలో నాలుక మొదట, గొంతు పైభాగాన ఉండే కంఠికాస్థి ఒక్కటే మరే ఎముకతోను కీలు కలపక, కండరాల ఆధారంతో నిలిచి ఉంటుంది. తక్కిన ఎముకలన్నిటికీ ఎక్కడో ఒకచోట పొరుగు ఎముకతో పొత్తు ఉన్నది.

ఈ పొత్తులను విభజించి చెప్పే ప్రయత్నం మన దేశంలో చాల పురాతనమైనది. సుశ్రుత సంహితలోని శారీరస్థానం సంధులను 210గా లెక్కించి, కదిలేవి, కదలనివి అని రెండు విధాలుగా చెప్పినది. ఆపైన ఆకృతిని బట్టి ఎనిమిది తెగలు చేసినది. ఆ తెగల పేర్లు లోకంలో అందరూ చూచే వస్తువులవే. రోలు వంటిది ఉలూఖలం, కుట్టుపని వంటిది తున్నసేవని, కాకిముక్కు వంటిది వాయసతుండం. నేటి లెక్క వేరు, నేటి వివరణ వేరు. అయినా చలనాన్ని బట్టి, ఆకృతిని బట్టి సంధులను ఏర్పరచే పద్ధతి ఇప్పటికీ నిలిచే ఉన్నది.

నేటి శాస్త్రజ్ఞులు ముందుగా అడిగే ప్రశ్న ఇది: రెండు ఎముకల నడుమ ఉన్నదేమిటి? నారపోగులు గట్టిగా పట్టి ఉంచితే ఆ సంధి దాదాపు కదలదు. మృదులాస్థి దిండువలె అమరి ఉంటే కొద్దిగా కదులుతుంది. ద్రవంతో కూడిన సన్నని ఖాళీ ఉంటే స్వేచ్ఛగా కదులుతుంది.

కదలని సంధులకు కపాలం ఉదాహరణం. పుఱ్ఱె ఎముకల అంచులు రంపపు పండ్లవలె ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటవి. కాని పుట్టినప్పుడు అవి ఇంకా అతుకుకొని ఉండవు. అందుచేతనే ప్రసవ సమయంలో ఆ ఎముకలు కొంచెం ఒకదానిమీదికొకటి జరిగి, శిశువు తలకు దారి ఇస్తవి. నడినెత్తిన మెత్తగా కొట్టుకొనే మాడు ఈ ఎముకలు ఇంకా కలియని చోటే. సాధారణంగా ఏడాదిన్నర, రెండేండ్ల వయస్సుకు అది పూడుకొంటుంది. విరేచనాలతో బాధపడే పసిబిడ్డకు మాడు లోపలికి కుంగితే, ఒంటిలో నీరు తగ్గినదని గుర్తు. అప్పుడు మాడుమీద ఆముదం పెట్టి ఊరుకొనరాదు. తల్లిపాలు ఆపకుండా, లవణ, చక్కెరలు సరిపాళ్ళలో కలిసిన ద్రావణాన్ని పట్టిస్తూ వైద్యునికి చూపవలెను. జ్వరంతో పాటు మాడు ఉబ్బి బిగిసినా ఆలస్యం తగదు.

కొద్దిగా కదిలే సంధులు వెన్నులో ఉన్నవి. వెన్నుపూసల నడుమ 23 మెత్తని బిళ్ళలున్నవి. ఒక్కొక్క బిళ్ళ వంగేది కొంచెమే. అన్నీ కలిస్తే నడుము వంగుతుంది. పగలంతా బరువు మోసి ఈ బిళ్ళలు కొంత నీటిని కోల్పోతవి. రాత్రి పడుకొన్నప్పుడు మరల గ్రహిస్తవి. అందువల్ల ఉదయం మన ఎత్తు సాయంకాలపు ఎత్తుకంటె సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ.

ఇక స్వేచ్ఛగా కదిలే కీళ్ళు. వీటిలో ఎముకల కొనలకు నున్నని మృదులాస్థి తొడుగు ఉంటుంది. చుట్టూ ఒక సంచి. ఆ సంచి లోపలి పొర గ్రుడ్డులోని తెల్లసొనవంటి జిగట ద్రవాన్ని ఊరజేస్తుంది. ఎముకను ఎముకతో బంధకాలనే గట్టి పట్టీలు కట్టి ఉంచుతవి. ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. దాని పోషణకు ముఖ్యాధారం ఆ ద్రవమే. కీలు కదిలి, బరువు పడి, బరువు తీసినప్పుడు ద్రవం మృదులాస్థిలోనికి, వెలుపలికి నడుస్తుంది. అనగా కదలికే దానికి ఆహారం. నొప్పి భయంతో ఏండ్ల తరబడి మోకాలిని కదపకుండా ఉంచేవారు తెలియకనే దానిని పస్తు పెడుతున్నారు.

ఈ కీళ్ళలో అనేక రకాలున్నవి. మోచేయి మడతబందు కీలు. తలుపువలె ఒక వైపుకే మడతపడుతుంది. బొంగరపు కీలు మెడలో ఉన్నది. ఔనని తల పంకించేటప్పుడు కదిలేది ముఖ్యంగా కపాలానికీ మొదటి వెన్నుపూసకూ నడుమనున్న సంధి. కాదని అడ్డంగా త్రిప్పేటప్పుడు మొదటి వెన్నుపూస రెండవదాని ముల్లు చుట్టూ తిరుగుతుంది. అరచేతిని ఒకసారి వెల్లకిల, మరొకసారి బోర్ల త్రిప్పి చూడండి. ముంజేతిలోని రెండెముకలలో బొటనవ్రేలి వైపుది రెండవదానిని అడ్డంగా దాటుతుంది. అదీ బొంగరపు కీలు పనియే. బొటనవ్రేలి మొదట జీనువంటి కీలున్నది. తక్కిన నాలుగు వ్రేళ్ళను అది ఎదుర్కొని కలము, కొడవలి, సూది పట్టగలగడం దాని చలవే. మణికట్టులోని చిన్న ఎముకల నడుమ జారెడు కీళ్ళున్నవి.

బంతిగిన్నె కీళ్ళు రెండు చోట్ల ఉన్నవి: భుజం, తుంటి. రెండూ ఒకే తెగవైనా స్వభావాలు వేరు. తుంటి గిన్నె లోతైనది. బంతి అందులో కుదురుగా కూర్చుంటుంది. శరీరభారాన్ని మోయవలసినది గనుక అక్కడ స్థిరత్వం ప్రధానం. భుజం గిన్నె లోతు తక్కువ. అందుచేతనే చేయి అన్ని వైపులకు తిరుగుతుంది. అందుచేతనే పెద్ద కీళ్ళలో అన్నిటికంటె ఎక్కువగా తొలగేది భుజమే. స్వేచ్ఛ పెరిగినకొద్దీ స్థిరత్వం తగ్గుతుంది. తుంటి తొలగవలెనంటే వాహన ప్రమాదమువంటి పెద్ద దెబ్బ తగలవలెను.

ఈ వివరాలు పరీక్షకు చదివే విద్యార్థులకే గాక ప్రతి ఇంటికీ అవసరమైనవి. అయిదేండ్లలోపు బిడ్డను ఒక్క చేయి పట్టుకొని పైకి లాగితే, మోచేతిలోని ఎముక తల దాని చుట్టూ ఉన్న పట్టీలోనుండి జారవచ్చును. బిడ్డ ఏడ్చి, చేయి ఎత్తక వ్రేలాడవేస్తుంది. తెలిసిన వైద్యునికి దానిని సరిచేయడం క్షణాల పని. కనుక పిల్లలను చంకల క్రింద పట్టి ఎత్తవలెను. మోచేతికి దెబ్బ తగిలినప్పుడు నూనె రాసి బలంగా మర్దన చేస్తే, చుట్టూ ఉన్న కండరంలో కొత్త ఎముక పుట్టి కీలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చును. వెదురుబద్దలతో బిగించి కట్టిన కట్టు క్రింద వ్రేళ్ళు చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కినా, వాటిని చాచితే భరింపరాని నొప్పి వచ్చినా, తెల్లవారనిమ్మని ఆగరాదు. కట్టును వెంటనే వదులు చేసి ఆసుపత్రికి పోవలెను. ఉపేక్షిస్తే చేయే చచ్చుపడవచ్చును. అట్లే జ్వరంతో ఒక్క కీలు హఠాత్తుగా ఎఱ్ఱబడి, వేడెక్కి, వాస్తే, అది చీము పట్టిన కీలు కావచ్చును. చీము కొద్ది రోజులలోనే మృదులాస్థిని తినివేస్తుంది.

కదిలే సంధి కదలని సంధిగా మారే మరొక దుఃఖం మన తెలుగు నేలకు బాగుగా తెలిసినది. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో కనిపించిన ఫ్లోరోసిస్‌ను 1937లో షార్టు మొదలైన వైద్యులు వర్ణించినారు. నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధిని గురించి 1955లో వైద్యపత్రికలో వ్యాసం వెలువడినది. త్రాగే నీటిలోని అధిక ఫ్లోరైడు ఏండ్ల తరబడి శరీరంలో చేరితే, బంధకాలు సైతం సున్నపు పదార్థం పేరుకొని ఎముకవలె గట్టిపడుతవి. వెన్ను ఒకే కొయ్యగా బిగుస్తుంది. తల త్రిప్పవలెనంటే మనిషి మొత్తం తిరగవలసి వస్తుంది. గట్టిపడిన బంధకాలను మరల మెత్తబరచే మందు లేదు. మంచినీరే దీనికి నివారణ.

అరిగిన కీలుకు మాత్రం శస్త్రవైద్యం ఒక దారి చూపినది. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడు లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెతో కృత్రిమమైన తుంటికీలును 1962లో రూపొందించినాడు. దాని మార్గంలోనే నేడు తుంటిని, మోకాలిని మార్చే చికిత్సలు సాగుతున్నవి. అయినా పుట్టుకతో వచ్చిన కీలుకు సాటి వచ్చేది లేదు. సమతలాన నడిచేటప్పుడే మోకాలిపై శరీరభారానికి రెండు మూడు రెట్ల ఒత్తిడి పడుతుంది. ఒంటి బరువు ఒక కిలో తగ్గించుకొన్నవాడు ప్రతి అడుగులోను మోకాలికి అంతకు మించిన బరువును తగ్గించినవాడౌతాడు. రోజూ కొంత నడక, తొడ కండరాలకు కొంత వ్యాయామం, మితమైన బరువు: ఇవి ఖర్చు లేనివి, ఎవరికైనా చేతనైనవి. మోకాలి నొప్పి మొదలైన తరువాత సైతం వైద్యుని సలహాతో వీటిని ఆరంభింపవచ్చును.