ఎల్ల దాటితే మారే జరిమానా



మన ఇళ్లల్లో పొగ తాగేది ఎక్కువగా మగవాళ్లే అయినా, ఆ పొగ పీల్చేది మనమూ, మన పిల్లలూనూ. అందుచేత ఈ చట్టం సంగతి వాళ్లకన్నా మనకే బాగా తెలిసి ఉండాలి.

బహిరంగ స్థలంలో పొగ తాగడం ఇతరుల జీవించే హక్కుకు భంగమని 1999 జూలై 12న కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. 2001లో సుప్రీంకోర్టు ఆసుపత్రులు, బడులు, బస్సులు, రైళ్లు వంటి చోట్ల నిషేధించమన్నది. 2003లో కేంద్రం చట్టం చేసింది. నేటి నిబంధనలు 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, అమల్లోకి వచ్చాయి. బీడీ, చుట్ట, సిగరెట్టు అన్నిటికీ ఒకటే నిబంధన. "బస్టాండు బయలే కదా!" అంటారు కొందరు. బయలైనా సరే, బస్టాండూ రైల్వేస్టేషనూ నిషేధం కిందికే వస్తాయి. 30 గదులు, అంతకు మించి ఉన్న హోటళ్లలో మాత్రం పొగ తాగేవారికి వేరే చోటు ఏర్పాటు చేయవచ్చు.

అసలు తేడా జరిమానాలో ఉంది. మన అనంతపురంలో 200 రూపాయల దాకా వేస్తారు. బెంగుళూరు బస్సు కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి చేరిందా, 2025లో కర్ణాటకలో అమలైన సవరణ ప్రకారం 1000 రూపాయల దాకా! ఇటు బళ్లారి వెళ్లినా అంతే. ఇక్కడ 18 ఏళ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు, అక్కడ 21 నిండాలి.

వానల్లేక పనికోసం బెంగుళూరు పోయే మనవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆకలి తెలియకుండా ఉంటుందని బీడీ ముట్టిస్తారు. పట్టుబడితే చేసిన కూలి అక్కడే పోతుంది. ఆ ఇంటి ఆడవాళ్లతో పరిచయముంటే ఈ సంగతి ముందే చెవిన వేయండి.

ఆసుపత్రిలోనో హోటల్లోనో పొగ వస్తుంటే ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకుని ఊరుకోకండి. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ పేరుతో అక్కడ బోర్డు ఉండాలి. లేకపోతే అడగండి. బస్సులోనైతే కండక్టరుకు చెప్పండి. రైలు పెట్టెలో ఒక్క ప్రయాణికురాలు వద్దన్నా ఆపవలసిందేనని 1989 నాటి రైల్వే చట్టమే చెప్పింది.

ఇక మన ఇల్లు! ఈ చట్టాలేవీ మన గడప దాటి లోపలికి రావు. కిటికీ దగ్గర నిలబడి తాగినా పొగ గదిలోకే వస్తుంది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో వద్దని, వాకిలి దాటి వెళ్లమని మంచి మాటతో చెప్పవలసింది మనమే.