లెక్క చెప్పేవారి మాట
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో మనం చెవి వొగ్గి వినేది ఆదాయ వ్యయాలనే. రాజెవరో మంత్రి యెవరో మరచిపోయినా, మన రాశికి ఆదాయం యెంత, వ్యయం యెంత అన్నది ఇల్లు చేరేదాకా జ్ఞాపకం వుంటుంది. కాబట్టి ఈ పూట లెక్కల సంగతి యెత్తితే అపచారం కాదనుకుంటాను. నేను రైల్వే గుమాస్తాను, మెట్రిక్యులేషన్ వరకే చదివినవాణ్ణి. లెక్కల శాస్త్రం బోధించడానికి రాలేదు. ఆ శాస్త్రం తెలిసిన ఆడిటర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, కాలేజీల్లో కామర్సు చెప్పే అధ్యాపకులు ఈ పదిహేను ఇరవై యేళ్ళుగా బ్లాగుల్లో, యూట్యూబులో, వాట్సాపులో నలుగురితో మాట్లాడుతున్నారు గదా. ఆ మాటలు విని డబ్బు వ్యవహారం నడుపుకునే మనబోటివారి తరఫున నాలుగు ముక్కలు చెప్పడానికి వచ్చినాను.

పూర్వం లెక్క అంటే గుట్టు. వూరి లెక్క కరణంగారి కవిలెలో, అంగడి లెక్క శెట్టిగారి కడితంలో వుండేది. కడితం అంటే ఈ తరం పిల్లలకు తెలియదు. గుడ్డకు చింతగింజల అంబలీ బొగ్గుపొడీ పట్టించి, మడతలు పెట్టి, బలపంతో రాసేవారు. మన కన్నడ సీమలో అది చాలా కాలం వాడుకలో వున్నది. అందులో ఒక సుగుణం, ఒక దుర్గుణం. రెండూ ఒకటే: రాసినది చెరిపి మళ్ళీ రాయవచ్చు. వాట్సాపులో వచ్చిన సందేశం మరునాటికి మాయమైతే నాకు ఆ కడితమే గుర్తుకు వస్తుంది.

లెక్కల విద్య గుట్టు విడిచి బజారుకు వచ్చినది ఈనాడే కాదు. 1494లో వెనిస్ నగరంలో లూకా పచోలీ అనే క్రైస్తవ సన్యాసి ఒక పెద్ద గణిత గ్రంథం అచ్చు వేయించినాడు. జమా ఖర్చుల జంట పద్దు పద్ధతిని అందులో వివరించినాడు. పండితుల భాష లాటిన్‌లో గాక వర్తకులు మాట్లాడుకునే ఇటాలియన్‌లో రాసినాడు. ఆ పద్ధతి అంతకు ముందే వర్తకుల చేతుల్లో వున్నది, ఆయన కనిపెట్టినది కాదు. వర్తకుడికి అర్థమయ్యే మాటలో అచ్చులో పెట్టినందుకే ఆయన పేరు నేటికీ నిలిచింది. ఈ సంగతి కొంచెం మనసులో వుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

లెక్కలవారు నలుగురిలో మాట్లాడితే లాభం లేకపోలేదు. ఇంగ్లండులో రిచర్డ్ మర్ఫీ అనే చార్టర్డ్ అకౌంటెంటు, పెద్ద కంపెనీలు యే దేశంలో యెంత లాభం, యెంత పన్ను అన్నది దేశం వారీగా చూపాలని 2003లో ఒక పద్ధతి ప్రతిపాదించినాడు. 2006 నుంచి బ్లాగు పెట్టి అటువంటి సంగతులు విడవకుండా రాస్తూ వచ్చినాడు. తర్వాత విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కూడా అయినాడు. 2015లో ఓఇసిడి కూటమి అటువంటి లెక్కను పెద్ద కంపెనీలు పన్ను అధికారులకు ఇవ్వాలని తీర్మానించింది. ఒక్కడి రాతతోనే అయిందని నేననను. కానీ ఆడిటరు నోరు విప్పితే ఆ మాట యెంత దూరం పోగలదో దీనివల్ల తెలుస్తుంది.

అంత దూరం యెందుకు, మన కౌల్ బజారుకు రండి. బళ్లారి జీన్సు కుట్టేవారు, వుతికేవారు, గుండీలు వేసేవారు మన సంఘంలోనే యెందరో వున్నారు. చిన్న పరిశ్రమలకు ఇవ్వవలసిన బాకీ గడువులో చెల్లించకపోతే దాన్ని ఆ సంవత్సరం ఖర్చుగా లెక్క కట్టనీయమని 2023 బడ్జెటులో ఒక నిబంధన చేర్చినారు. 2024 మార్చి వచ్చేసరికి బట్టల వ్యాపారమంతా గగ్గోలు. ప్రతి ఫోనులోనూ ఒకటే సందేశం: ‘45 రోజుల్లో కట్టకపోతే అంతే సంగతులు!’ అసలు నిబంధన అంత సులభం కాదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే, వుంటే 45 రోజుల దాకా. అమ్మినవారు సూక్ష్మ, చిన్న తరహా తయారీదారులో సేవలందించేవారో అయితేనే అది వర్తిస్తుంది. కొని అమ్మే వర్తకుడి బాకీకి వర్తించదు. గడువు తప్పినా ఆ ఖర్చు శాశ్వతంగా పోదు, డబ్బు కట్టిన సంవత్సరంలో చూపుకోవచ్చు. ఇదంతా నాకు యెట్లా తెలిసింది? ఆడిటర్లు ఒకరి రాతకు ఒకరు జవాబులు రాసుకుంటూ, ‘ఆ ఉపనిబంధన చదివినావా?’ అని నిలదీసుకుంటూ వుంటే పక్కనుంచి చదివినాను. అట్లా వాదించుకున్న చోట సంగతి తేలింది. వాదన వదిలేసి తుది మాట మాత్రమే పంచుకున్న చోట భయం మిగిలింది.

అంతకు ముందు మరొకటి. వెయ్యి రూపాయల లోపు దుస్తుల మీద జీయస్టీ 5 శాతం నుంచి 12 శాతం అవుతుందని 2021 నవంబరులో ఉత్తర్వు వచ్చింది. 2022 జనవరి 1 నుంచి అమలు. ఆ ముందురోజే, అంటే డిసెంబరు 31న, జీయస్టీ కౌన్సిలు కూర్చుని దాన్ని వాయిదా వేసింది. సంక్రాంతికి మా బంధువొకాయన, కుట్టు యూనిట్టు నడిపేవాడు, ఫోను నా ముందు పెట్టి ‘ఏమన్నా, ఈ పన్నెండు వున్నట్టా, పోయినట్టా?’ అని అడిగినాడు. సందేశంలో అబద్ధమేమీ లేదు. అది రాసిన నాటికి నిజమే. తారీఖు లేదు, అంతే! తారీఖు లేని మాట పట్టుకుని ఆయన కొత్త ధరల పట్టీ కూడా రాసి పెట్టుకున్నాడు.

ఇక మా రైల్వేవారి సంగతి. 2004 తర్వాత చేరినవారం గనుక మాకు పాత పింఛను లేదు, ఎన్‌పీయస్ వున్నది. 2025 ఏప్రిల్ నుంచి యూపీయస్ అని ఇంకొకటి పెట్టి, కావలసినవారు కోరుకోండి అన్నారు. 25 యేళ్ళ సర్వీసు నిండితే చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం పింఛను. గడువు జూన్ 30 అని, సెప్టెంబరు 30 అని, చివరికి నవంబరు 30 దాకా జరిపినారు. ఆ నెలలన్నీ మా ఆఫీసులో టీ వేళ వీడియోల వేళే. ఒకాయన ఎన్‌పీయస్ బంగారం అంటాడు, ఇంకొకాయన యూపీయస్ తీసుకోనివాడు వెర్రివాడు అంటాడు. ఇద్దరూ లెక్క వేసి చూపినవారే, కూడికలో తప్పు లేదు. ఒకరు మన డబ్బు యేటా 8 శాతం పెరుగుతుందని అనుకున్నారు, ఇంకొకరు 12 అనుకున్నారు. 25 యేళ్ళలో 8 శాతం చొప్పున ఒక్క రూపాయి సుమారు 6 రూపాయల 85 పైసలు అవుతుంది, 12 చొప్పున 17 రూపాయలు అవుతుంది. ఆ ‘అనుకోవడం’ వీడియోలో రెండు క్షణాలు కనబడి పోతుంది. ముసలితనం పింఛను ఆ రెండు క్షణాల మీద ఆధారపడి వున్నది.

లెక్కలవారి సంతకానికి వున్న కట్టుబాటు వారి మాటకు లేదు, అదీ చిక్కు. చార్టర్డ్ అకౌంటెంటు ఒక సర్టిఫికెట్టు ఇస్తే దాని మీద యూడిన్ అనే 18 అంకెలూ అక్షరాలూ కలిసిన సంఖ్య వుండాలని వారి సంస్థ 2019లో తప్పనిసరి చేసింది. బ్యాంకు గుమాస్తా అయినా సరే ఆ సంఖ్య కొట్టి అసలో నకలో చూసుకోవచ్చు. ప్రకటనలు వేసి గిరాకీ పిలవరాదని 1949 నాటి చట్టంలోనే వున్నది. 2006 సవరణలో కొంత సడలించినారు. ఈ భయం వల్ల నిజంగా చదువుకున్నవారు ఆచి తూచి, అదీ ఇంగ్లీషులో మాట్లాడతారు. యే పట్టా లేనివాడికి ఆ చట్టం అడ్డం కాదు గనుక వాడు తెలుగులో, గొంతెత్తి, బొమ్మలతో సహా చెప్తాడు. మనవారు యెవరి మాట వింటారు? అర్థమయ్యేవాడి మాట వింటారు. అది వినేవారి తప్పని నేను ఒప్పుకోను. పచోలీ ఆనాడు లాటిన్‌లో రాసి వుంటే వెనిస్ వర్తకుడు కూడా పక్కింటివాడినే అడిగి వుండేవాడు.

అందుచేత ఈ సభలో వున్న ఆడిటరు మిత్రులకు, కామర్సు అధ్యాపకులకు నా మనవి. మీరు తెలుగులో రాయండి, మాట్లాడండి. కన్నడం వచ్చినవారు కన్నడంలోనూ చెప్పండి, ఈ సరిహద్దు జిల్లాలో రెండూ మన ఇంటి భాషలే. పేరు పెట్టండి, తారీఖు వేయండి, యెవరికి వర్తిస్తుందో యెవరికి వర్తించదో ఒక్క పంక్తి చేర్చండి. మారితే పాతది చెరిపేయకుండా కింద ‘ఫలానా తేదీన మారింది’ అని రాయండి. ఆ మాత్రం మా రైల్వే రిజిస్టరులోనే చేస్తాము. తప్పు అంకె మీద ఒక గీత గీసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెడతాము. పాత అంకె గీత కింద కనబడుతూనే వుండాలి.

కార్యదర్శిగారితో మాట్లాడినాను. మన సంఘం వాట్సాపు గుంపులో పన్నులు, పింఛన్ల సంగతులకు వేరే గుంపు కడతామన్నారు. పేరూ తారీఖూ లేని సందేశం అందులో వుంచరు. జవాబు చెప్పడానికి ముగ్గురు కావాలి. ఇద్దరు ఇప్పటికే ఒప్పుకున్నారు. మూడోవారు పచ్చడి పంచే బల్ల దగ్గర పేరు ఇచ్చి వెళ్ళవలెనని ప్రార్థన.