వాగ్గేయకారుల ముద్ర

కర్ణాటక సంగీతంలో సాహిత్యాన్నీ స్వరాన్నీ తానే కూర్చే రచయితను వాగ్గేయకారుడంటారు. అతడు తన కృతిలో, సాధారణంగా చివరి చరణంలో, కర్తృత్వాన్ని తెలిపేందుకు పొదిగే గుర్తింపు పదమే ముద్ర. త్యాగరాజు (1767–1847) తన పేరునే ముద్రగా వాడగా, అది స్వనామ ముద్ర అయింది. ముత్తుస్వామి దీక్షితులు మాత్రం సుబ్రహ్మణ్యస్వామి నామమైన ‘గురుగుహ’ను స్వీకరించి, ఇష్టదైవం పేరు వెనుక తన పేరును మరుగుపరిచారు. శ్యామశాస్త్రి ‘శ్యామకృష్ణ’ ముద్రను ఎంచుకోగా, ఆయన కుమారుడు సుబ్బరాయశాస్త్రి ‘కుమార’ అనే ముద్రతో తండ్రితో తనకున్న బంధాన్ని కూడా సూచించారు. అంతకుముందే, 17వ శతాబ్దికి చెందిన క్షేత్రయ్య పదాలు ‘మువ్వగోపాల’ అనే నామంతో కృష్ణా జిల్లాలోని మువ్వ గ్రామాన్ని దక్షిణాది సభలకు చేర్చాయి.

కృతులు గురుశిష్య పరంపరలో నోటి ద్వారా సాగిన కాలంలో, రచయిత కీర్తికి వ్రాతప్రతి కంటే పాటలోనే ఒదిగిన ఈ పదం ఎక్కువ రక్షణనిచ్చింది. అయితే ప్రసిద్ధ ముద్రను ఇతరులు అనుకరించే వీలుండడంతో, త్యాగరాజు పేరిట ప్రచారంలో ఉన్న కొన్ని కృతుల కర్తృత్వంపై పండితులలో భిన్నాభిప్రాయాలు ఏర్పడ్డాయి. అందుచేత శైలి, రాగలక్షణం, శిష్యుల వ్రాతప్రతులు, 1904లో సుబ్బరామ దీక్షితులు తెలుగులో ప్రచురించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వంటి గ్రంథాలు కలిసి సాక్ష్యం పలికినప్పుడే ముద్ర చెప్పే పేరు నిర్ధారితమవుతుంది.