పెయ్యదూడే రేపటి పాడి

దూడ తాగే పాలు నష్టమనుకుని, ఉన్నదంతా పిండి పాల కేంద్రానికి పోసే ఇళ్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. ఆ లెక్క ఒకసారి సరిచూద్దాం.

నెల లోపు ముర్రా గేదె దూడకు రోజుకు మూడు లీటర్లు తాగించారనుకోండి. లీటరు 50 రూపాయల చొప్పున నెలకు 4,500 రూపాయలు. ఆ తర్వాత దాణా, పచ్చిగడ్డి అలవాటు చేస్తూ పాలు తగ్గించవచ్చు. ఈ ఖర్చు కంటికి కనిపిస్తుంది. కనిపించని ఖర్చు వేరే ఉంది. కడుపు మాడిన పెయ్య ఎదకు ఆలస్యంగా వస్తుంది. మూడేళ్లు దాటగానే ఈనాల్సిన పడ్డ నాలుగున్నరేళ్లకు ఈనితే, ఆ ఏడాదికి పైగా మేత, చాకిరీ అంతా చుక్క పాలు లేకుండానే పెట్టాలి.

అసలు పొదుపు దూడ పుట్టిన రోజే మొదలవుతుంది. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయండి. గంట, రెండు గంటల్లోపే ముర్రుపాలు పట్టించండి. 30 కిలోల దూడకు తొలిరోజు మూడు లీటర్లు, రెండు మూడు విడతలుగా ఇవ్వాలి. మాయ పడేదాకా ఆగొద్దు. వ్యాధులను తట్టుకునే శక్తి దూడకు ఆ పాలతోనే వస్తుంది. పశువైద్యుని సలహాతో రెండో వారంలోనే ఏలికపాముల మందు తాగించండి. ఆడదూడలకు 4 నుంచి 8 నెలల మధ్య బ్రూసెల్లా టీకా వేయించండి.

బయట గేదెను కొనాలంటే పెద్ద మొత్తం ఒక్కసారే కావాలి. ఇంటి పెయ్యను పెంచితే అందుకు అప్పు చేసే అవసరం తప్పుతుంది. ఈ రోజు నుంచే దూడ వాటా దూడకు వదలండి.