పాత అంబాసిడర్‌కు ఆయిల్ ఫిల్టరు

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాలో వచ్చిన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా, ఇబ్రహీంపట్నంలో నా బండి ఇంకా నడుస్తోంది. దాని 1489 సి.సి. పెట్రోలు ఇంజనుకు గిన్నెలో కూర్చునే పాతరకం ఫిల్టరే వేస్తాను.

మధ్య బోల్టు విప్పి గిన్నె దించాక, పాత రబ్బరు రింగు పైన గాడిలోనే అంటుకుని ఉంటుంది. దబ్బనం మొనతో దాన్ని పూర్తిగా తీసెయ్యాలి. దానిమీదే కొత్తది పెడితే ఆయిలు కారిపోయి, ఒత్తిడి పడిపోయి, బేరింగులు దెబ్బతిని ఇంజను పట్టేస్తుంది. స్ప్రింగు, వాషర్లు వరుస తప్పకుండా అమర్చండి. బోల్టు అతిగా బిగించకండి. స్టార్టు చేసి గిన్నె అంచు తడిసిందేమో చూడండి. ఇంజను ఆపి, కాసేపాగి ఆయిలు మట్టం సరిచూడండి.

సందేహమున్నవారు బండితో రండి, కలిసి చేద్దాం. సెలవు.