ఉప్పు చెప్పిన చుట్టరికం



ఈ రోజు ఒక్క మాట గురించే మాట్లాడతాను: ఉప్పు. తమిళులూ కన్నడిగులూ మలయాళీలూ అదే అంటారు. ఆ నాలుగు భాషలే చూస్తే వాటి తల్లిభాష అయిన మూలద్రావిడంలోనూ ఈ మాట అచ్చుతోనే మొదలైందనుకుంటాం. కానీ ఆదిలాబాద్ కొలాములు ‘సుప్’ అంటారు. బస్తర్‌లో పర్జీ మాట్లాడేవాళ్లు ‘చుప్’ అంటారు. గోండుల్లో కొందరికి ‘సోవర్’, బస్తర్ వైపు కొందరికి ‘హోవర్’, మరికొందరికి ‘ఒవర్’. చకారం సకారమై, హకారమై, చివరికి రాలిపోయిన దారంతా ఇప్పటికీ మనుషుల నోళ్లలో వినిపిస్తోంది. ఒక్క మాటతో ఏదీ రుజువు కాదు కాబట్టి ‘ఆరు’ కూడా చూడండి: కొన్ని గోండి మాండలికాల్లో అది ‘సారుంగ్’. మనం పోగొట్టుకున్న హల్లును అవి కాపాడాయి.

చుట్టపు భాషల మాటలను పోల్చి మూలరూపాన్ని వెతికే ఈ పద్ధతి ప్రపంచమంతటా ఒకటే. పాదాన్ని టర్కిష్‌లో ‘అయాక్’, దానికి చుట్టాలైన ఖకాస్ భాషలో ‘అజఖ్’, యాకూత్ భాషలో ‘అతఖ్’ అంటారు. వీటిని పక్కపక్కన పెట్టే పండితులు ‘అదక్’ అనే మూలరూపాన్ని కట్టారు.

గోండి మాండలికాల్లో సకారం హకారమై జారిపోయిన తీరును భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1998లో ఒక వ్యాసంలో పరిశీలించారు. ధ్వని మార్పు మాట నుంచి మాటకు పాకుతూ పోయి కూడా చివరికి నియమంగా స్థిరపడగలదని చూపారు. ధ్వని మార్పు ఎలా జరుగుతుందనే భాషాశాస్త్రంలోని పెద్ద చర్చకు సాక్ష్యం అడవి పల్లెల నుంచి వెళ్లింది.

ఇక గోండికి చుట్టమైన మన భద్రాచలం వైపు కోయ భాష. దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 1881లోనే కోయల గురించి రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. 1969లో మానవశాస్త్రవేత్త స్టీఫెన్ టైలర్ కోయ వ్యాకరణం వెలువరించాడు. అయినా కోయను ‘చెడిపోయిన తెలుగు’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. అది తప్పు. కోయ గోండికి అతి దగ్గరిది. గోండీ తెలుగూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో తోబుట్టువులు. తెలుగుకు కోయ బిడ్డ కాదు, దాసి అంతకన్నా కాదు.

పట్టభద్రులారా, మీలో చర్ల, దుమ్ముగూడెం బడులకు టీచర్లుగా వెళ్లేవాళ్లుంటారు. పిల్లవాడు ఇంటి మాట పలికితే దిద్దకండి, రాసుకోండి. కోయ ఇళ్ల నుంచి వచ్చిన బిడ్డలారా, ఉద్యోగాలకు బయలుదేరే ముందే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. చెట్ల పేర్లు, చేపల పేర్లు, వరసల పిలుపులు వాళ్లు పలికినట్టే ఫోన్‌లో రికార్డు చేయండి. పక్కన ఊరు పేరూ తేదీ తప్పక వేయండి.