గడువున్న అదృష్టం



నేను ఆర్థికశాస్త్రం పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. ఇలాంటి స్నాతకోత్సవ సభల్లో అమెరికా గురించో చైనా గురించో మాట్లాడటం రివాజు. నేను మన కాకినాడ జిల్లా కన్నా చిన్న దేశం గురించి చెబుతాను. మారిషస్. 2,040 చదరపు కిలోమీటర్ల నేల, పన్నెండున్నర లక్షల జనం, సైన్యం లేదు, చమురు లేదు, బంగారం లేదు.

దాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ హాల్లోంచి బయటికెళ్ళి యానాం రోడ్డు పట్టుకుంటే కాసేపటికి కోరంగి వస్తుంది. మీలో చాలామంది మడ అడవి చూడటానికి, సెల్ఫీలు దిగడానికి వెళ్ళే ఉంటారు. ఒకప్పుడు అది ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను దాని నడుం విరిచింది. ఆ కాలంలోనే మన తీరం నుంచి మనుషుల్ని చెరకు తోటల కూలికి మారిషస్ తీసుకెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళకు చాలాకాలం 'కోరింగీలు' అనే పేరే ఉండేది. ఇక్కడ రేవు పూడిపోయింది. దాని పేరు మాత్రం సముద్రం దాటి మనుషుల పేరైంది.

అక్కడ మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ సంస్థ ఉంది. వలస కూలీల రిజిస్టర్లు అందులో భద్రంగా ఉన్నాయి. మనిషికో నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చ. రాసిన గుమాస్తాకు మన భాష రాదు, అందుకని మన అప్పన్నలు, రామయ్యలు ఆ స్పెల్లింగుల్లో పడి గుర్తుపట్టలేనట్టు మారిపోయారు. అలా భారతదేశం నుంచి వెళ్ళినవాళ్ళు దాదాపు నాలుగున్నర లక్షలు. వాళ్ళు చేలల్లోంచి ఏరిన అగ్నిపర్వతపు నల్ల రాళ్ళు ఇప్పటికీ చెరకు మధ్యలో గుట్టలుగా ఉన్నాయి. చూస్తే ఎవరో పనిగట్టుకుని కట్టిన గోపురాలేమో అనిపిస్తుంది. నిజానికి అవి నాగలికి అడ్డమొచ్చిన రాళ్ళు, అంతే.

1961లో జేమ్స్ మీడ్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ఈ దీవి మీద ఒక నివేదిక రాశాడు. 1977లో నోబెల్ అందుకున్న మనిషి, ఆషామాషీగా రాసేవాడు కాదు. ఆయన కంటికి ఆనింది ఇదీ: ఉన్నదొక్కటే పంట. ముందటేడే కరోల్ తుపాను దాన్ని ఊడ్చిపెట్టింది. మలేరియా తగ్గాక జనాభా ఏటా 3 శాతం దాకా పెరుగుతోంది. భూములు కొద్దిమంది ఫ్రెంచి సంతతి కుటుంబాల చేతిలో ఉన్నాయి. హిందువులు, ముస్లింలు, క్రియోల్‌లు, చైనీయులు ఒకరినొకరు నమ్మరు. ఈ దీవి ప్రశాంతంగా బాగుపడుతుందన్న ఆశ లేదన్నట్టు తేల్చాడు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆయన మాటే నిజమయ్యేలా ఉంది. అంతకుముందు ఎన్నికల్లో 44 శాతం మంది స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికి ఓటేశారు. జనవరిలో పోర్ట్ లూయీలో కొట్లాటలు జరిగాయి. ఎగుమతుల్లో 90 శాతానికి పైగా చక్కెరే.

ఇవాళ వాళ్ళ తలసరి ఆదాయం 10 వేల డాలర్లు దాటింది. మన దేశపు సగటుకు నాలుగు రెట్లు.

ఎలా అంటే, స్వేచ్ఛా వ్యాపారం అని ఒకరు, ప్రభుత్వ ప్రణాళిక అని ఇంకొకరు సొంతం చేసుకోబోతారు. నాకు కనిపించేది వేరు. చిన్న దేశానికి బేరమాడే బలం ఉండదు. దానికి దక్కేవన్నీ ఎవరో ఇచ్చిన వెసులుబాట్లు, ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి తీసుకునేవి. 1975లో యూరప్, మారిషస్ దగ్గర ఏటా సుమారు 5 లక్షల టన్నుల చక్కెర ఖాయమైన ధరకు కొంటానని ఒప్పుకుంది. చాలా ఏళ్ళు ఆ ధర ప్రపంచ మార్కెట్ కన్నా బాగా ఎక్కువ. చేతిలో అంత చక్కెర డబ్బు ఉంటే నిద్ర పట్టేస్తుంది. వాళ్ళు మాత్రం దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకున్నారు.

ఎగుమతయ్యే చక్కెర మీద పన్ను వేసి ఆ సొమ్ము బడులకూ ఆసుపత్రులకూ పెట్టారు. మిగిలిన లాభాల్లో కొంత, తోటల యజమానుల చేతులమీదుగానే బట్టల ఫ్యాక్టరీలకు మళ్ళింది. 1970లో తెచ్చిన ఎగుమతుల మండలి చట్టం అందుకు దారి వేసింది. దాని వెనక ఎడ్వర్డ్ లిమ్ ఫాట్ అనే ఆచార్యుడి ఆలోచన ఉంది. మన దగ్గర మండలి అంటే ప్రహరీ, గేటు, సెక్యూరిటీ. అక్కడ దీవి మొత్తం మండలే, ఏ ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టినా రాయితీ. బట్టల దిగుమతికి పడమటి దేశాలు పెట్టిన కోటాలు నిండిపోయిన హాంకాంగ్ వ్యాపారులు అక్కడికొచ్చి స్వెట్టర్లు, చొక్కాలు కుట్టించారు. పొద్దున్నే కంపెనీ బస్సు ఊరి మలుపులో ఆగితే ఎక్కేది ఎక్కువగా ఆడవాళ్ళే. తల్లి చెరకు నరికింది, కూతురు కాలర్ కుట్టింది. ఇందులో మెచ్చుకోలేనిది ఒకటుంది. ఆ ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళకు కట్టిన కనీస వేతనం మగవాళ్ళ కన్నా తక్కువ. ఆ దేశపు అద్భుతం గురించి రాసేవాళ్ళు ఈ వాక్యం దగ్గర గొంతు తగ్గిస్తారు.

మీ ఈడు వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 1975 మే 20న అక్కడి విద్యార్థులు చదువుల్లోని అసమానత మీద కోపంతో రాజధానికి ఊరేగింపుగా బయల్దేరారు. వంతెన దగ్గర పోలీసులు ఆపారు, బాష్పవాయువు వదిలారు. ఆ ఏడాది తిరక్కుండానే ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. 1977 నుంచి సెకండరీ చదువు ఉచితమైంది. తర్వాత బ్యాంకుల్లో, హోటళ్ళలో, ఎబెన్ సైబర్ సిటీలో కూర్చున్నది ఆ ఫీజుల్లేని బడుల పిల్లలే. ఆ సైబర్ సిటీ లేచింది కూడా చెరకు పండిన నేల మీదే.

అనుకున్నట్టే వెసులుబాట్లు ఒక్కొక్కటే పోయాయి. 2005 మొదట్లో బట్టల కోటాలు ముగిసి చైనా సరుకు ముంచెత్తింది. ఆ మరుసటి ఏడు నుంచి యూరప్ చక్కెర ధరను 36 శాతం కోయడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. చెరకు పిప్పితో కరెంటు తీయడం, ముడి చక్కెర బదులు ఖరీదైన ప్రత్యేక రకాలు అమ్మడం, ఇలా ఒడ్డున పడ్డారు.

మూడో వెసులుబాటు మనమిచ్చిందే. 1982 పన్ను ఒప్పందం పుణ్యమా అని మన దేశంలోకి వచ్చిన విదేశీ పెట్టుబడిలో చాలా ఏళ్ళపాటు మూడో వంతు మారిషస్ చిరునామాతో వచ్చింది. అక్కడ బోర్డు, ఇక్కడ లాభం, పన్ను ఎక్కడా లేదు. ఆ తెలివిని నేను మెచ్చను, అది మన ఖజానాకు పడిన చిల్లు. 2016లో ఒప్పందం సవరించి మనం దాన్ని పూడ్చుకున్నాం.

పంపకం కూడా సమంగా జరగలేదు. 1999 ఫిబ్రవరిలో కాయా అనే గాయకుడు పోలీసు లాకప్పులో చనిపోతే దీవి రోజుల తరబడి తగలబడింది. బానిసల సంతతైన క్రియోల్‌లకు ఆ సంపదలో తమ వాటా కనిపించలేదు.

2020 జులై 1న ప్రపంచ బ్యాంకు మారిషస్‌ను అధికాదాయ దేశాల జాబితాలో చేర్చింది. అదే నెల 25న వకాషియో అనే ఓడ పగడపు దిబ్బకెక్కింది. యజమాని జపాన్, జెండా పనామా, కెప్టెన్ భారతీయుడు, వెళుతున్నది బ్రెజిల్‌కు. పది పన్నెండు రోజులకు చమురు కారింది, నీలి నీళ్ళు నల్లబడ్డాయి. కొవిడ్‌తో హోటళ్ళు అప్పటికే ఖాళీ. మరుసటి ఏడాది బ్యాంకు ఆ దేశాన్ని మళ్ళీ కింది మెట్టుకు దించింది.

ఓడ నుంచి చమురు కారినప్పుడు అధికారులు తాము చూసుకుంటామన్నారు. జనం వినలేదు. చేలల్లోంచి ఎండు చెరకాకు మోసుకొచ్చారు. ఒడ్డునే కూర్చుని బట్టతో పొడవాటి సంచులు కుట్టి, అందులో ఆ ఆకు దట్టించి, ఒకదానికొకటి కట్టి, చమురుకు అడ్డంగా నీళ్ళలోకి తోశారు.